పియానోలో మనిషి చెయ్యి: ఫ్లోరెన్స్ నుంచి వీనర్ నోయ్‌స్టాట్ దాకా

ఫ్లోరెన్స్‌లోని అకడేమియా గ్యాలరీకి వచ్చే జనంలో ఎక్కువమంది మైకెలాంజెలో చెక్కిన డేవిడ్ విగ్రహాన్ని చూసి వెళ్ళిపోతారు. అదే భవనంలో సంగీత వాద్యాల గదులు కూడా ఉన్నాయి. పియానో కథ తెలుసుకోవాలనుకునే వారి ప్రయాణం అక్కడ మొదలవడం న్యాయం. పాడువాలో 1655లో పుట్టిన బార్తొలొమియో క్రిస్తొఫొరిని యువరాజు ఫెర్దినాందో దె మేదిచి 1688లో తన కొలువులోకి తీసుకున్నాడు. వాద్యాలు చేయడం, ఉన్నవాటిని బాగుచేయడం ఆయన ఉద్యోగం. 1700 నాటి కొలువు వస్తువుల జాబితాలో, మెల్లగానూ గట్టిగానూ పలికే ఒక కొత్త మీటల వాద్యం నమోదైంది. అదే పియానోకు మొదటి ఆనవాలు. ఆయన చేసిన పియానోల్లో మూడే ఇప్పుడు మిగిలాయి: 1720 నాటిది న్యూయార్క్‌లో, 1722 నాటిది రోమ్‌లో, 1726 నాటిది లైప్‌జిగ్‌లో. పియానో పుట్టిన ఊళ్ళో ఒక్కటీ లేదు. ఫ్లోరెన్స్‌లో చూడగలిగేది 1690లో ఆయన చేసిన కోడిగుడ్డు ఆకారపు స్పినెట్, ఆ తర్వాత 1739లో దొమెనికో దెల్ మేలా నిలువుగా కట్టిన పియానో. అయినా ఈ రెండింటినీ నిదానంగా చూస్తే చాలు, తర్వాతి ఊళ్ళలో కనబడబోయే పని అంతా ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమవుతుంది.

చేత్తో చేసిన గ్రాండ్ పియానో అనే మాట అమ్మకాల పుస్తకాల్లో విరివిగా కనిపిస్తుంది. యంత్రం తాకని వస్తువు గొప్పదన్న భావం ఆ మాట వెనక ఉంటుంది. ఆ భావం తప్పని నా అభిప్రాయం. అలాగని చేతిపని వట్టి ప్రచారం అనేవారితోనూ నేను ఏకీభవించను. క్రిస్తొఫొరి పియానోనే గమనించండి. అందులో స్వభావం వేరైన రెండు పనులున్నాయి. ఒకటి, మీట నొక్కితే సుత్తి లేచి తీగను కొట్టి, మీట ఇంకా కిందే ఉన్నా వెంటనే తీగను వదిలి వెనక్కి పడాలి. లేకపోతే సుత్తి తీగకు ఆనుకుని నాదాన్ని చంపేస్తుంది. ఈ ఏర్పాటు ప్రతి మీటకూ అచ్చం ఒకేలా ఉండాలి. రెండోది నాదఫలకం, అంటే తీగల కంపనాన్ని గాలికి అందించే పలుచని కొయ్య పలక. ఇది ఏ రెండు వాద్యాల్లోనూ ఒకేలా ఉండదు, ఎందుకంటే ఏ రెండు చెట్లూ ఒకేలా పెరగవు. తీగల బిగువు పలక మీద పడకుండా క్రిస్తొఫొరి బయటి గోడకు లోపల ఇంకో వంపు గోడ కట్టి, పలకను దాని మీద నిలిపాడు. బిగువు మోసేది ఒకటి, పలికేది ఇంకొకటి. మనిషి చెయ్యి ఎక్కడ అవసరమో, ఎక్కడ అక్కర్లేదో తేల్చడానికి కూడా ఈ విభజనే ఆధారమని నా వాదన.

తర్వాతి నూరేళ్ళకు పైగా జరిగిన మార్పులు మొదటి రకం పనిని కార్ఖానాకు దగ్గర చేశాయి. సెబాస్టియాన్ ఎరార్ 1821లో, మీట పూర్తిగా పైకి రాకముందే అదే స్వరాన్ని మళ్ళీ కొట్టగలిగే యంత్రాంగానికి హక్కు పొందాడు. అమెరికాలో ఆల్ఫియస్ బాబ్‌కాక్ 1825లో ఒకే పోతగా పోసిన ఇనుప చట్రానికి పేటెంట్ తీసుకున్నాడు. 1859లో స్టైన్‌వే సంస్థ గ్రాండ్ పియానోలో బాస్ తీగలను మిగతా తీగల మీదుగా అడ్డంగా నడిపింది. నేటి కచేరీ పియానోలో 88 మీటలకు సుమారు 230 తీగలుంటాయి. అవన్నీ కలిసి లాగే బిగువు 20 టన్నుల చుట్టూ ఉంటుంది. క్రిస్తొఫొరి కొయ్య గోడలకు అంత బరువు మోసే శక్తి లేదు. కాబట్టి మనం ఇవాళ వినే పియానో నాదం పోత ఇనుము, ఉక్కు తీగలు, పరిశ్రమల యుగం లేకుండా పుట్టేదే కాదు. పూర్తిగా చేతులతోనే చేసిన పూర్వకాలపు శుద్ధమైన పియానో ఒకటుండేదని, దాన్ని యంత్రాలు చెడగొట్టాయని వగచేవారు ఈ సంగతి మరచిపోతారు.

ఫ్లోరెన్స్ నుంచి రైలు బొలొన్యా, వెరోనా దాటి ఆదిజె నది లోయ వెంట ఉత్తరానికి సాగుతుంది. ఆ లోయ నుంచి తూర్పుకు తిరిగి కొండలెక్కితే వాల్ ది ఫియెమ్మె వస్తుంది. కవలెజె, తెజెరో, ప్రెదాజ్జో అనే ఊళ్ళు దాటాక, 1,500 మీటర్లకు పైన పనెవెజ్జో అడవి ఉంది. దానికి అక్కడివాళ్ళు పెట్టుకున్న పేరు వయొలిన్ల అడవి. వయొలిన్ల తయారీలో పేరుమోసిన స్త్రాదివారి స్వయంగా వచ్చి ఇక్కడ చెట్లు ఎంచుకున్నాడని ఆ లోయలో తరతరాలుగా చెప్పుకుంటారు. ఆ చలిలో, పలుచని మట్టిలో స్ప్రూస్ చాలా నెమ్మదిగా పెరుగుతుంది. దాని వలయాలు సన్నగా, దగ్గరదగ్గరగా, ఒకే తీరున ఉంటాయి. వాద్యానికి పనికొచ్చే మాను కావాలంటే నూటయాభై, రెండువందల ఏళ్ళు ఆగాలి. ఈ లోయలోని అడవుల్లో చాలా భాగం ఒక సామూహిక సంస్థ అధీనంలో ఉంది. త్రెంతో బిషప్‌తో 1111లో కుదిరిన ఒడంబడిక నుంచి ఆ సంస్థ తన చరిత్రను లెక్కిస్తుంది. రెండువందల ఏళ్ళు పెరగాల్సిన చెట్టును కాచుకోవాలంటే ఒక మనిషి ఆయుష్షు చాలదు, ఒక కంపెనీ ఆయుష్షూ చాలదు. నాటినవాడు, కొట్టినవాడు, వాయించినవాడు ఒకరినొకరు ఎన్నడూ చూడరు. ఇంత పొడుగు ఓపికను చట్టంగా, ఊరి కట్టుబాటుగా నిలబెట్టుకున్న లోయ అది. పియానో ధర గురించి మాట్లాడే ముందు ఈ కాలాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

స్ప్రూసే ఎందుకు అంటే, దాని బరువు తక్కువ, గట్టిదనం ఎక్కువ. పీచు వెంట ధ్వని సెకనుకు 5,000 మీటర్లకు పైగా పరుగెత్తుతుంది. పీచుకు అడ్డంగా ఆ వేగం చాలా తగ్గిపోతుంది. ఆ తేడాను పూడ్చడానికే పలక వెనక పీచుకు అడ్డంగా సన్నని కొయ్య బద్దలు అంటిస్తారు. మానును కేంద్రం నుంచి అంచుకు కోస్తేనే వలయాలు పలక ఉపరితలానికి నిలువుగా వస్తాయి. అలా కోసిన పలకే తేమకు తక్కువగా ఉబ్బుతుంది. ముడి ఉన్నా, జిగురు సంచి కనిపించినా, పీచు మెలితిరిగినా ఆ ముక్క పక్కకు పోతుంది. ఒక మానులో నాదఫలకానికి దక్కేది కొంచెమే, మిగతాది తలుపులకో కప్పులకో వెళ్తుంది. ఎంచే మనిషి పలకను చూస్తాడు, ఎత్తి బరువు తూస్తాడు, తట్టి వింటాడు. మన బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస మొద్దును తొలిచి వీణ చేసేవాళ్ళ తొలి పనీ ఇదే, కొయ్యను ఎంచడం. వీణ ఒకే మాను, పియానో పదిరకాల కొయ్యల కూర్పు. అయినా రెండుచోట్లా పని సగం చెడేదీ బాగుపడేదీ ఉలి పట్టకముందే. వలయాల వెడల్పు కొలిచే పరికరాలూ, ధ్వని వేగం చెప్పే పరికరాలూ ఇవాళ ఉన్నాయి. వాటిని వాడుతున్నారు, వాడాలి కూడా. కానీ ఆ అంకెలు ఒక్కో ముక్క గురించే చెబుతాయి. పక్కపక్కన అంటించాల్సిన ముక్కల్లో ఏది దేని పక్కన కూర్చోవాలో తేల్చాల్సింది ఇంకా మనిషే.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం వస్తుంది. చెట్టు అంత చంచలమైనదైతే చెట్టునే ఎందుకు పట్టుకు వేలాడాలి? 2018 అక్టోబర్ చివర్లో వాయా అనే తుపాను ఈ కొండల మీద విరుచుకుపడింది. ఈశాన్య ఇటలీలో 80 లక్షల ఘనపు మీటర్లకు మించిన కలప నేలకూలింది, పనెవెజ్జోలోనూ కూలింది. ఆ తర్వాత పడిపోయిన మానుల్లో బెరడు పురుగు పెరిగి, నిలబడ్డ చెట్లకూ పాకింది. వేడెక్కుతున్న కాలంలో రెండువందల ఏళ్ళ చెట్ల మీద ఆశ పెట్టుకోవడం తెలివైన పనేనా అన్నది న్యాయమైన ప్రశ్న. జర్మనీలోని బైరాయిట్‌లో, 1852 నుంచి పియానోలు చేస్తున్న స్టైన్‌గ్రేబర్ సంస్థ, కోరినవారికి కార్బన్ ఫైబర్ నాదఫలకం అమర్చి ఇస్తోంది. అది తేమకు కదలదు, పగలదు. సముద్రతీరపు ఊళ్ళకు, ఉక్కపోత దేశాలకు ఆ లాభం చిన్నది కాదు. నేను దాన్ని తక్కువ చేయను. అయితే దాన్ని అమర్చడానికీ, సుత్తులను దానికి తగ్గట్టు మలచడానికీ ఆ సంస్థ మళ్ళీ అదే నిపుణుల మీద ఆధారపడుతుంది. పదార్థం స్థిరపడినా తీగ, దాని కంపనాన్ని పలకకు చేర్చే వంతెన, సుత్తి, గది కలిసి పలికే నాదం స్థిరపడదు. కొయ్య పోతే చేతిపని మొత్తం పోతుందనుకోవడం సరికాదు, అందులో ఒక వాటా మాత్రమే తగ్గుతుంది.

ఫియెమ్మె నుంచి ఆగ్నేయంగా దిగివస్తే ఫ్రియూలి మైదానం, లివెంజా నది ఒడ్డున సచీలె. ఆ ప్రాంతం ఫర్నిచర్ పరిశ్రమకు పేరుపొందింది. ఇంజినీరింగ్, పియానో వాద్యం రెండూ చదివిన పావొలో ఫత్సియోలి కుటుంబానికి అక్కడ ఫర్నిచర్ కార్ఖానా ఉండేది. అందులోనే ఒక మూల పని మొదలుపెట్టి 1981లో ఆయన తన పేరుతో పియానో సంస్థ స్థాపించాడు. కొయ్యల శాస్త్రంలో గులియెల్మో జోర్దానో, ధ్వనిశాస్త్రంలో పియెత్రో రిగీని ఆయనకు తోడ్పడ్డారు. అక్కడ తయారయ్యేవి గ్రాండ్ పియానోలు మాత్రమే, ఏడాదికి నూటయాభై చుట్టూ. అన్నిటికన్నా పెద్దదాని పొడవు 308 సెంటీమీటర్లు. నాదఫలకపు కొయ్య ఫియెమ్మెదే. పల్లెటూరి వడ్రంగి కొట్టాన్ని ఊహించుకుని వచ్చినవారికి ఈ కార్ఖానా కాస్త ఆశ్చర్యం కలిగించవచ్చు. కంప్యూటర్ చెప్పినట్టు కోసే యంత్రాలు అక్కడున్నాయి, తేమను అదుపులో ఉంచే గదులున్నాయి. ఈ యంత్రాలే నా వాదనకు మొదటి సాక్ష్యం. ప్రతి ముక్కా ఒకే కొలతకు రావాల్సిన చోట యంత్రాన్ని పెట్టి, మనిషిని అక్కణ్ణుంచి తప్పించారు. అతని సమయం మిగిలింది. ఆ సమయాన్ని ఎక్కడ ఖర్చుపెడుతున్నారన్నదే చూడాల్సిన విషయం.

ఖర్చయ్యే చోట్లలో మొదటిది పలక మందం. పలక పలుచగా, తేలికగా ఉంటే తీగ శక్తిని త్వరగా గాలికి ఇచ్చేస్తుంది. నాదం గట్టిగా వస్తుంది, త్వరగా ఆరిపోతుంది. మందంగా, బిరుసుగా ఉంటే నాదం ఎక్కువసేపు నిలుస్తుంది, కానీ మొదటి దెబ్బలో నిండుదనం తగ్గుతుంది. రెండూ ఒకేసారి పూర్తిగా దొరకవు. అందుకే ఫలానా పలక ఎంత బిరుసో చూసి, అంచుల దగ్గర ఎంత పలుచన చేయాలో నిర్ణయిస్తారు. తర్వాత వంతెన. తీగల కింద నిలబడి కంపనాన్ని పలకకు చేర్చే గట్టి కొయ్య కమ్మీ అది. పలకకు మధ్యలో కొద్దిగా ఉబ్బు ఇస్తారు, తీగలు వంతెన మీదుగా దాన్ని కిందికి నొక్కుతాయి. ఆ నొక్కుడు మరీ ఎక్కువైతే పలక బిగుసుకుపోతుంది, తక్కువైతే స్వరం పేలవమవుతుంది. ఇసుక మూసలో పోసిన ఇనుప చట్రాలు వెంట్రుకవాసి తేడాలతో వస్తాయి, పలకల ఉబ్బూ తేడాగా వస్తుంది. కాబట్టి వంతెన ఎత్తును ఆ చట్రానికీ ఆ పలకకూ సరిపడేలా చిత్రిక పట్టాలి. వంతెన మీద ప్రతి తీగ దగ్గరా చిన్న మేకు, దాని పక్కన ఉలితో తీసిన గాడి ఉంటాయి. గాడి అంచు మేకు నడిమి గీతకు సరిగ్గా తగలాలి. ఏమాత్రం తప్పినా ఆ ఒక్క తీగ తనలో తనే అలలుగా ఊగినట్టు పలుకుతుంది. ఆ దోషాన్ని తర్వాత ఎంత గొప్ప ట్యూనర్ కూడా శ్రుతితో కప్పిపుచ్చలేడు.

యంత్రాలు ఎక్కువగా వాడే పెద్ద జపాన్ సంస్థల పియానోలు కూడా బాగుంటాయి కదా అంటే, బాగుంటాయి. కొన్ని చాలా బాగుంటాయి. కవాయి సంస్థ మీటల యంత్రాంగంలో కొయ్య భాగాల బదులు ప్లాస్టిక్‌ను, తర్వాత కార్బన్ కలిపిన పదార్థాన్ని వాడింది. తేమకు ఉబ్బని ఆ భాగాలు కొయ్యకన్నా మేలని చెప్పడానికి నాకు సంకోచం లేదు. అవి మొదటి రకం పనికి చెందినవి, అక్కడ సమానత్వమే గుణం. కానీ అవే సంస్థలు తమ కచేరీ పియానోలను విడిగా, కొద్దిమంది నిపుణుల చేత చేయించడం గమనించాలి. కార్ఖానా పని మీద వాళ్ళకే పూర్తి నమ్మకం ఉంటే ఆ ఏర్పాటు అక్కర్లేదు. మరో అభ్యంతరం వినేవారి చెవి గురించి. 2012లో క్లోడియా ఫ్రిట్జ్ బృందం ప్రచురించిన పరీక్షలో, కళ్ళకు అడ్డం పెట్టి వాయించిన వయొలిన్ విద్వాంసులు పాత స్త్రాదివారి వాద్యాలను కొత్తవాటి కన్నా మిన్నగా ఎంచలేదు. వాద్యాల గొప్పదనమంతా ఊహే అనడానికి దీన్ని తరచూ ఉదహరిస్తారు. ఆ పరీక్షలో గెలిచిన కొత్త వయొలిన్లు కూడా నేటి నిపుణులు చేత్తో చేసినవే. పాతదనం మీది మోజును ఆ పరీక్ష సడలించింది, చేతిపనిని కాదు. సరైన చెయ్యి ఏ శతాబ్దంలోనైనా ఒక్కటే అని అది చెప్పిందని నేను చదువుకుంటాను.

చివరి పనికి మాత్రం యంత్రం ఇంకా దరిదాపులకు రాలేదు. సుత్తి తల మీద గట్టిగా నొక్కి అంటించిన ఉన్ని ఫెల్ట్ ఉంటుంది. అది మరీ గట్టిపడితే స్వరం గాజు పగిలినట్టు వస్తుంది, మెత్తబడితే ముద్దగా వస్తుంది. నిపుణుడు చిన్న పిడికి బిగించిన సూదులతో ఫెల్ట్‌ను భుజాల దగ్గర గుచ్చి లోపలి బిగువు సడలిస్తాడు, అవసరమైతే ఉప్పుకాగితంతో తీర్చిదిద్దుతాడు. 88 సుత్తుల వరుసలో ఎక్కడా మెట్టు తగలకుండా స్వరం నుంచి స్వరానికి రంగు సాగాలి. ఎక్కువ గుచ్చితే వెనక్కి తేవడం కష్టం. ఈ పని నిశ్శబ్దపు పెట్టెలాంటి గదిలో పూర్తి కాదు, వాద్యం హాలులో ఎలా పలుకుతుందో వినాలి. సచీలెలో కార్ఖానాను ఆనుకుని 2005లో ఒక కచేరీ మందిరం కట్టుకున్నారంటే కారణం అదే. 2021 వార్సా షోపాన్ పోటీలో గెలిచిన బ్రూస్ లియు ఎంచుకున్నది ఫత్సియోలి పియానో. ఆ పోటీలో పలు సంస్థల వాద్యాలుంటాయి, ఒక్కొక్కరూ వాయించి చూసి తమకు సరిపడేది తీసుకుంటారు. అన్నీ ఒకేలా పలికితే ఆ ఎంపికకు అర్థమే ఉండదు. తేడా ఉండాలని కోరుకుంటున్నది సాక్షాత్తు వాయించేవాళ్ళే.

ఇంత ఖరీదైన వస్తువు గురించి ఇంత ఆరాటం ఎందుకని అడిగేవారు ఉంటారు. కచేరీ పియానో ధరకు ఒక ఊళ్ళో ఇల్లు వస్తుందన్నది నిజం. కానీ అది ఒక ఇంట్లో మూలబడే వస్తువు కాదు. ఒక హాలులో దశాబ్దాల పాటు వందలమంది వాయించగా వేలమంది వింటారు. డబ్బున్న ఇళ్ళలో ఎవరూ ముట్టని పియానోలు అలంకారంగా నిలబడి ఉండడం విచారించాల్సిన సంగతే. ఆ తప్పు మాత్రం పియానో చేసినవాడిది కాదు.

సచీలె నుంచి ఊదీనె, అక్కణ్ణుంచి ఆల్ప్స్ దాటి విల్లాక్, క్లాగెన్‌ఫుర్ట్ మీదుగా వియన్నా వెళ్ళే పాత రైలు మార్గం 1854లో పూర్తయిన సెమ్మెరింగ్ కొండదారి వంతెనలు దాటి వీనర్ నోయ్‌స్టాట్‌లో దిగుతుంది. 1828లో వియన్నాలో మొదలైన బోజెన్‌డోర్ఫర్ సంస్థ కార్ఖానా ఇప్పుడు ఈ ఊళ్ళోనే ఉంది. 2008 నుంచి ఆ సంస్థ జపాన్ యమహా చేతిలో ఉన్నా పని తీరు మారలేదు. ఇక్కడి పద్ధతి చాలామంది తయారీదారుల పద్ధతికి ఎదురుగా ఉంటుంది. ఇతరులు గట్టి మేపుల్ పొరలు అంటించి వంచి, శక్తిని పలక దగ్గరే ఆపే బిరుసైన గోడ కడతారు. బోజెన్‌డోర్ఫర్ గోడకూ స్ప్రూసే వాడుతుంది, లోపలివైపు గాట్లు పెట్టి వంచుతుంది, గోడ కూడా పలకతో పాటు పలకాలన్నది వాళ్ళ ఉద్దేశం. రెండు మార్గాలూ ఫలించాయి. ఒకే సరైన కొలత ఉంటే ఎప్పుడో యంత్రానికి అప్పగించేవాళ్ళు.

ఈ కార్ఖానాలో నన్ను ఎక్కువగా ఒప్పించేవి రెండు చిన్న ఏర్పాట్లు. సాధారణంగా ఒకే ఉక్కు తీగను చట్రం మీది కొక్కెం చుట్టూ తిప్పి రెండు తీగలుగా వాడతారు. ఇక్కడ ప్రతి తీగకూ చివర్న విడిగా చుట్ట వేసి విడి కొక్కేనికి తగిలిస్తారు. పని పెరుగుతుంది, కానీ కచేరీ మధ్యలో ఒక తీగ తెగితే పక్కది శ్రుతి తప్పదు. రెండోది, పైస్థాయి తీగలను నొక్కి పట్టే ఇనుప కమ్మీ చట్రంలో కలిసిపోయి ఉండదు, విప్పి తీయవచ్చు. ఏళ్ళ తరబడి తీగల ఒరిపిడికి అరిగితే దాన్ని బయటికి తీసి మళ్ళీ నునుపు చేయవచ్చు. అంటే తర్వాత ఎప్పుడో ఇంకొకరు దీన్ని విప్పుతారని తలచి చేసిన వాద్యం ఇది. అయితే పియానోలో ప్రతి భాగాన్నీ ఇలా బాగుచేయలేరు. 2020 జనవరిలో బెర్లిన్‌లో రికార్డింగ్ పూర్తయ్యాక, పియానిస్టు ఏంజెలా హ్యూవిట్ ప్రాణంగా చూసుకున్న ఫత్సియోలిని తరలించేవాళ్ళు జారవిడిచారు. ఇనుప చట్రం విరిగింది, ఇక బాగుచేయడం కుదరదని తేలిపోయింది. పోత ఇనుము విరిగితే అంతే. కొయ్య అలా కాదు. నాదఫలకం చీలితే ఆ చీలికను వెడల్పు చేసి, అదే జాతి స్ప్రూస్ నుంచి సన్నని బద్ద కోసి, వలయాల వెడల్పూ వాలూ చూసి సరిపోల్చి అంటిస్తారు. సుత్తులు మార్చవచ్చు, వంతెన పైభాగం కొత్తగా వేయవచ్చు, శ్రుతి మేకుల దిమ్మను పూర్తిగా మార్చి మళ్ళీ తీగలు కట్టవచ్చు. ఆ పనికి కూర్చునే మనిషికి మొదట చేసినవాడు ఏ పలకను ఎందుకు అంత పలుచన చేశాడో చదవగలిగే నేర్పు ఉండాలి. జర్మనీలో పియానో తయారీ శిక్షణ మూడున్నరేళ్ళు సాగుతుంది, కొత్తవి చేయడంతో పాటు పాతవి బాగుచేయడం కూడా అందులో భాగమే.